డ్రాయింగులో లేని పేరు: యుద్ధకాలపు ఫ్యాక్టరీ, మన కథ

ఆ మధ్య హబ్సిగూడలో జరిగిన ఒక చిన్న కథాగోష్ఠిలో ఒక యువకుడు తన మొదటి కథ చదివాడు. కథాకాలం 1943, స్థలం నాచారం. రేకు డబ్బాలు చేసే ఒక ఫ్యాక్టరీని సర్కారు ఫిరంగి గుండ్ల తయారీకి మారుస్తుంది. కథానాయకుడు టర్నర్. తాను చేసిన గుండు ఎవరిమీద పడుతుందోనన్న ఆలోచనతో నిద్ర పట్టక, చివరికి ఒకనాడు లేతు ఆపేసి గేటు దాటి వెళ్లిపోతాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అధ్యక్షస్థానంలో వున్న నేను మాత్రం లేచి, "1943లో నాచారం ఒక పల్లెటూరు. అక్కడ పొలాలూ చెరువూ తప్ప ఫ్యాక్టరీలు లేవు. స్థలకాలాలు తప్పితే కథలో వాస్తవికత నిలవదు" అన్నాను.

ఆ యువకుడు నొచ్చుకోలేదు. "మా తాత చెప్పిండు సార్. ఏడ జరిగిందో నాకు సరిగ తెల్వదు. నేను చూసిన ఫ్యాక్టరీలు ఇవే గదా, అందుకే ఈడ పెట్టిన" అన్నాడు.

నేను చెప్పింది తప్పు కాదు. ఇంటికి వచ్చాక మాత్రం అది చాలదనిపించింది. తేదీ దిద్దాను కాని, ఆ కథ వేసిన ప్రశ్న జోలికి పోలేదు. మామూలు వస్తువులు చేసే ఫ్యాక్టరీ యుద్ధసామగ్రి చేయడం మొదలుపెడితే లోపల ఏం మారుతుంది? పనివాడికి అది ఎంతవరకు తెలుస్తుంది? రచయిత దాన్ని ఎక్కడ నిలబడి చూడాలి? నేను ఉప్పల్ ప్రాంతంలో తెలుగు చెప్పే బడిపంతులును. నాచారంలో లేతు మీద బతికిన మనిషి కొడుకును. ఈ వ్యాసం ఆ యువకుడికి నేను బాకీపడ్డ జవాబు.

* * *

ముందు స్థలకాలాల సంగతి తేల్చుకుందాం. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మౌలాలి ప్రాంతాలు పారిశ్రామికవాడలుగా రూపుకట్టింది ప్రధానంగా 1960ల తర్వాత. ఉప్పల్ రోడ్డులో ఎన్.జి.ఆర్.ఐ. 1961లో, కుషాయిగూడ వైపు ఇ.సి.ఐ.ఎల్. 1967లో, ఎ.పి.ఐ.ఐ.సి. 1973లో ఏర్పడ్డాయి. రెండో ప్రపంచయుద్ధ కాలానికి హైదరాబాదు రాజ్యంలో లోహంతో పనిచేసే చోట్లు వేరు. నాచారానికి పడమటి దిక్కున లాలాగూడ రైల్వే వర్క్‌షాపు 1893 నుంచీ వుంది. నిజాం ప్రభుత్వపు పారిశ్రామిక నిధి భాగస్వామ్యంతో ఆల్విన్ మెటల్ వర్క్స్ 1942లో మొదలైంది. కవాడిగూడలో యంత్రాలు చేసే యంత్రాల కోసం ప్రాగా టూల్స్ 1943లో వచ్చింది.

ఈ చివరి రెండు సంవత్సరాలను గమనించాలి. 1942, 1943. యుద్ధం ముదిరిన రోజులవి. లేతులు, డ్రిల్లింగ్ మిషన్లు అంతదాకా ఎక్కువగా విదేశాలనుంచి ఓడల్లో వచ్చేవి. యుద్ధంతో ఆ ఓడలు తగ్గాయి. ఉన్న యంత్రాలు ఎవరికి అందాలో నిర్ణయించడానికి భారత ప్రభుత్వం 1941లో నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. దిగుమతి ఆగితే స్వదేశీ ఫ్యాక్టరీకి కాస్త చోటు దొరుకుతుంది. ఆ చోటులోనే ఇటువంటి సంస్థలు పుట్టాయి. ప్రాగా టూల్స్ కథ అక్కడితో ఆగలేదు. చైనాతో 1962 యుద్ధం జరిగిన మరుసటి ఏడాది, 1963లో, అది కేంద్ర రక్షణశాఖ కిందికి వెళ్లింది. 1988లో హెచ్.ఎం.టి. చేతికి వచ్చింది. ఒక ఫ్యాక్టరీ యజమానులు మారిన తేదీలను వరుసగా రాసుకుంటే, అందులో దేశం చేసిన యుద్ధాల తేదీలు కూడా కనిపిస్తాయి.

* * *

ఇక రెండో విషయం. ఫ్యాక్టరీని మార్చడమంటే గేటు మీద బోర్డు మార్చినంత తేలికని కథకులు అనుకుంటారు. కొందరు పూర్తిగా కొత్త ఫ్యాక్టరీ కట్టడమనే అనుకుంటారు. రెండూ కావు.

లేతు చేసే పని ఒక్కటే. చక్‌లో బిగించిన లోహం తిరుగుతుంది, టూలు దాన్ని గీస్తుంది. పంపు షాఫ్టయినా, చెరకు గానుగ రోలరయినా, ఫిరంగి గుండు ఒళ్లయినా గీసే తీరు అదే. గుండు తయారీలో ముందు కాల్చి సాగగొట్టిన ఉక్కు దిమ్మ వస్తుంది. దాని పైభాగం గీస్తారు. లోపల బోరు చేస్తారు. ముక్కు సన్నం చేస్తారు. చుట్టూ గాడి తీసి అందులో రాగి పట్టీ ఎక్కిస్తారు. ఫిరంగి గొట్టంలోని మరలను పట్టుకుని గుండును తిప్పేది ఆ రాగి పట్టీయే. ముక్కు దగ్గర ఫ్యూజు బిగించడానికి మర వేస్తారు. ఈ పనులన్నీ మంచి టర్నర్‌కు ముందే వచ్చు. ఫ్యాక్టరీ మారినప్పుడు కొత్తగా వచ్చేవి మూడు: జాబ్‌ను పట్టి వుంచే ఫిక్చర్లు, కొలత సరిచూసే గేజులు, ఆ గేజులు పట్టుకు తిరిగే ఇన్‌స్పెక్టరు. గేజులో పట్టాల్సిన చోట పట్టాలి, పట్టకూడని చోట పట్టకూడదు. లేకపోతే జాబ్ రిజెక్టు.

ఇంకో సంగతి. ఇటువంటి ఇంజనీరింగ్ ఫ్యాక్టరీలో తయారయ్యేది ఖాళీ గుండు. మందు నింపడం వేరే చోట, జనవాసానికి దూరంగా కట్టిన ఫ్యాక్టరీల్లో జరుగుతుంది. జబల్‌పూర్ దగ్గర ఖమారియాలో 1942లో పెట్టినది అటువంటిదే. అంటే మన యువకుడి కథలోని టర్నర్ బాంబును ఎన్నడూ చూసి వుండడు. అతను చూసింది లోపల బోలుగా వున్న ఇనుము. అతని నిద్ర చెడగొట్టేది ముందుగా రిజెక్షను, కూలికోత. పడబోయే గుండు గురించిన ఆలోచన వస్తే ఆ తర్వాత వస్తుంది. కథలో నాకు అసలు లోపం ఇక్కడ కనిపిస్తున్నది. నాచారం అన్న పేరు చిన్న పొరపాటు. శ్రమవిభజన పనివాడి కంటికి కట్టిన గంతను చూడకపోవడం పెద్ద పొరపాటు.

గుండు నింపే చోట వున్నవాళ్లకు గంత లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో, ఫిరంగి గుండ్ల కొరతతో బ్రిటన్‌లో గగ్గోలు పుట్టింది. లాయిడ్ జార్జ్ కింద ప్రత్యేక మంత్రిత్వశాఖ ఏర్పడింది. లక్షలాది స్త్రీలు యుద్ధ ఫ్యాక్టరీల్లోకి వచ్చారు. టి.ఎన్.టి. మందు నింపినవాళ్ల చర్మం పచ్చబడేది. వాళ్లను 'కేనరీ పిట్టలు' అని పిలిచారు. తాము ఏం చేస్తున్నారో అద్దంలో తమ ముఖమే వాళ్లకు చెప్పేది.

రెండో యుద్ధం నాటికి ఈ మార్పిడి మరింత విస్తరించింది. అమెరికాలో పాటల పెట్టెలు చేసే రాక్-ఓలా కంపెనీ, లెక్కల యంత్రాలు చేసే ఐ.బి.ఎం. సైనికుల కార్బైన్ తుపాకులు చేశాయి. సోవియట్ దేశంలో 1941 జూలై నుంచి నవంబరు లోపల 1,500కు పైగా పరిశ్రమలను విప్పి రైళ్ల మీద తూర్పుకు తరలించారు. చెల్యాబిన్‌స్క్ ట్రాక్టరు ఫ్యాక్టరీ టాంకుల ఫ్యాక్టరీ అయింది. జనం ఆ వూరినే టాంకోగ్రాడ్ అన్నారు. పొలం దున్నే యంత్రానికీ, పొలం తొక్కే యంత్రానికీ కావలసిన ఇంజను, పట్టాలు, ఉక్కు దాదాపు ఒకే జాతివి.

* * *

మన దేశంలో ఈ మార్పిడికి మరో లక్షణం వుంది. అది పరాయి పాలకుల అవసరం మీద జరిగింది. మొదటి యుద్ధకాలంలోనే భారతీయ రైల్వే వర్క్‌షాపుల్లో గుండ్ల ఒళ్లు చేయించారు. 1917లో మ్యునిషన్స్ బోర్డు పెట్టారు. 1939లో ఇక్కడి ప్రజాప్రతినిధులను అడక్కుండానే వైస్రాయి యుద్ధం ప్రకటించాక మళ్లీ రైల్వే వర్క్‌షాపులు ఆ పనికి మళ్లాయి. బట్టల మిల్లులు ఖాకీ, గుడారం గుడ్డ నేశాయి. యుద్ధానికి కావలసిన పనివాళ్లను తయారు చేయడానికి 1940 నుంచి శిక్షణ పథకం నడిచింది.

ఆ మేరకు దేశం పారిశ్రామికంగా ఎదిగిందా? కొంత ఎదిగింది. ఎంత ఎదగాలో మాత్రం పాలకుల అవసరమే నిర్ణయించింది. బెంగళూరులో 1940లో విమానాలు చేయడానికి పెట్టిన ఫ్యాక్టరీ 1943 నాటికి అమెరికన్ విమానాలు బాగుచేసే డిపోగా మారింది. విశాఖపట్నంలో సింధియా కంపెనీ నౌకాశ్రమానికి 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను బాంబులు పడ్డాయి. అక్కడ తయారైన మొదటి ఓడ 'జల ఉష' నీళ్లలోకి దిగింది 1948 మార్చిలో, యుద్ధం ముగిసి స్వాతంత్ర్యం వచ్చాక.

మార్పిడిలో రచయిత గమనించవలసిన రెండో ముఖం, అక్కడ ఆగిపోయిన వస్తువు. మిల్లు ఖాకీ నేస్తే చీర నేయదు. 1943లో బట్ట మీద నియంత్రణ వచ్చింది. జనం రేషను గుడ్డ కోసం వరుసల్లో నిలబడ్డారు. అదే ఏడాది బెంగాల్ కరువులో సుమారు 30 లక్షల మంది చనిపోయారని అంచనా. యుద్ధకాలపు కథ రాసేవాడికి ఫ్యాక్టరీ లోపలి గుండెంత ముఖ్యమో, ఆ ఫ్యాక్టరీ గోడ అవతల దొరకని రేకు డబ్బా అంత ముఖ్యం. మన యువకుడు రేకు డబ్బాలతో కథ మొదలుపెట్టి, గుండ్లు రాగానే వాటిని మరిచిపోయాడు.

హైదరాబాదు రాజ్యపు లెక్క కూడా చూడాలి. 1918లో నిజాం విరాళంతో బ్రిటిష్ వాయుసేన 110వ దళానికి విమానాలు కొన్నారు. ఆ దళం పేరులో హైదరాబాదు చేరింది. రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానాలు నడిపిన 152వ దళానికీ మన వూరి పేరే. ఆ విమానాల మీద వూరి పేరుంది. ఖజానా నింపిన రైతు పేరు లేదు.

* * *

ఈ దగ్గర మన ఉద్యమం తన సొంత చరిత్రను కూడా సూటిగా చూసుకోవాలి. 1936లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన అఖిలభారత అభ్యుదయ రచయితల సంఘం, 1943లో తెనాలిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన మన ఆంధ్ర సంఘం మొదలయ్యాయి. అంటే తెలుగు అభ్యుదయ సాహిత్యోద్యమం నిర్మాణంగా పుట్టింది సరిగ్గా యుద్ధోత్పత్తి ఉచ్చస్థాయిలో వున్న సంవత్సరంలో. సోవియట్ దేశం మీద హిట్లర్ దాడి తర్వాత వామపక్షం ఆ యుద్ధాన్ని ప్రజాయుద్ధంగా చూసింది. ఫాసిజం ఓడాలంటే ఉత్పత్తి ఆగకూడదన్నది. అదే 1942లో దేశమంతా క్విట్ ఇండియా అన్నది.

అప్పటి కార్మికుడు ఈ రెండింటి నడుమ నిలబడ్డాడు. అతను చేసిన గుండు ఫాసిజం మీదికి పోతుంది. అదే గుండు తనను ఏలే సామ్రాజ్యాన్ని కూడా కాపాడుతుంది. సమ్మె చేస్తే ఒక తప్పు, చేయకపోతే ఇంకో తప్పు. తర్వాతి తరం విమర్శకులు ఈ వైపో ఆ వైపో తీర్పు చెప్పి వూరుకున్నారు. నా అభిప్రాయంలో రచయితకు తీర్పుకంటే ఆ నిలబడ్డ చోటు ముఖ్యం. యుద్ధం ముగిశాక ఆర్డర్లు ఆగి పనివాళ్లను తీసేశారు. 1946లో దేశమంతా సమ్మెలు లేచాయి. హైదరాబాదులో 'సుర్ఖ్ సవేరా' కవి మఖ్దూం కార్మికసంఘాల్లో తిరిగిన రోజులవి. యుద్ధమంతా యంత్రం ఆపని చేతులే ఇప్పుడు యంత్రాలు ఆపాయి. మన యువకుడి కథానాయకుడు గేటు దాటవలసింది అప్పుడు. ఒంటరిగా కాదు, పదిమందితో.

ఇదే కాలంలో తెలంగాణ పల్లెల్లో మరో మార్పిడి జరిగింది. 1946 నుంచి సాగిన సాయుధపోరాటంలో జనం పట్టింది వడిసెలలు, కర్రలు, బరిసెలు, పాత భర్మారు తుపాకులు. నాగటికర్రు సాగగొట్టే కొలిమిలోనే బరిసె మొన కూడా సాగుతుంది. కొలిమికీ లేతుకూ ఇక్కడ తేడా వుంది. కొలిమి దగ్గర కూర్చున్న కమ్మరికి ఆ బరిసె ఎవరి చేతికి పోతుందో తెలుసు.

* * *

ఇప్పుడు నాచారానికి వస్తాను.

మా నాయన పాతికేళ్లు నాచారంలో ఒక చిన్న షెడ్డులో టర్నరుగా పనిచేశాడు. షెడ్డుకు సొంత సరుకేమీ లేదు. పెద్ద కంపెనీలనుంచి జాబ్ వర్క్ వచ్చేది. డ్రాయింగు కాగితం ఒకటి వస్తుంది. దాని మీద కొలతలు, టాలరెన్సు, లోహం రకం, ఒక నంబరు వుంటాయి. ఆ భాగం దేనికి బిగిస్తారో వుండదు. హైదరాబాదులో 1970లో బి.డి.ఎల్., 1973లో మిధాని వచ్చాయి. ప్రభుత్వరంగ సంస్థల చుట్టూ ఇటువంటి చిన్న షెడ్లు వందలాదిగా పెరిగాయి. ఒక్క ఇ.సి.ఐ.ఎల్. సంగతే చూడండి. ఒకప్పుడు మన ఇళ్లల్లో చూసిన ఇ.సి. టీవీ, మనం ఓటేసే యంత్రం, ఫిరంగి గుండుకు పెట్టే ఎలక్ట్రానిక్ ఫ్యూజు, మూడూ ఆ ఒక్క సంస్థ తయారు చేసినవే. కనుక ఈనాడు యుద్ధం వస్తే ఫ్యాక్టరీని మార్చాల్సిన పని లేదు. డ్రాయింగు మారితే చాలు. బోర్డు అదే, షెడ్డు అదే, మనిషి అదే.

1999 ఎండాకాలం, కార్గిల్ యుద్ధం జరుగుతున్న రోజుల్లో, మా నాయనకు వరుసగా రాత్రి ఓ.టీ. పడింది. తెల్లారి ఇంటికి వచ్చేసరికి చేతివేళ్ల సందుల్లో కూలెంట్ వాసన వుండేది. నేను అప్పుడు డిగ్రీలో వున్నాను. పేపర్లో యుద్ధవార్తలు చదివి, "నాయినా, నువ్వు చేసేది గుండ్లకేనా?" అని అడిగాను.

"నంబరుంటది బిడ్డా, పేరుండదు. ట్రాక్టరుకో, తోపుకో నాకెట్ల తెలుస్తది? కొలత తప్పకుంటే చాలు" అన్నాడు.

ఆ ఓ.టీ. డబ్బులతో నా ఫీజు కట్టాడు. ఆ తర్వాత నేను ఎం.ఏ. తెలుగు చదివాను, యుద్ధవ్యతిరేక కవిత్వం మీద సెమినార్లో పేపరు చదివాను. ఆ చదువుకు డబ్బు ట్రాక్టరు నుంచి వచ్చిందో తోపు నుంచి వచ్చిందో ఈనాటికీ తేలదు. మా నాయన అబద్ధం చెప్పలేదు. నేను కూడా మళ్లీ అడగలేదు. తేలకుండా వుండేటట్టే ఆ ఏర్పాటు జరిగింది. పనివాడిని తన శ్రమఫలం నుంచి వేరుచేయడం గురించి పుస్తకాల్లో చదివాను. మా ఇంట్లో అది ఒక నంబరు రూపంలో వుండేది.

* * *

అయితే యంత్రం ఎటైనా తిరుగుతుందన్న మాటకు మంచి అర్థం కూడా వుంది. బ్రిటన్‌లో లూకాస్ ఏరోస్పేస్ కార్మికులు 1976లో ఒక ప్రత్యామ్నాయ ప్రణాళిక తయారు చేశారు. యుద్ధవిమానాల భాగాలు చేసే తమ యంత్రాల మీద, తమ నైపుణ్యంతో కిడ్నీ యంత్రాలు మొదలుకొని దాదాపు 150 రకాల ఉపయోగకరమైన వస్తువులు చేయవచ్చని లెక్కలతో చూపారు. యాజమాన్యం ఒప్పుకోలేదు. ఆ ప్రయత్నంలో ముందున్న మైక్ కూలీ ఉద్యోగం 1981లో పోయింది. ఏం తయారు చేయాలో చెప్పే హక్కు పనివాడికి లేదన్నదే అక్కడి అసలు తగాదా.

మన హైదరాబాదులోనూ దృష్టాంతం వుంది. అగ్ని క్షిపణి కోసం రూపొందించిన తేలికైన పదార్థంతో, అబ్దుల్ కలాం బృందం నిమ్స్‌లోని పోలియో పిల్లలకు కాలిపర్లు చేసింది. మూడు కిలోలకు పైగా బరువున్నవి 300 గ్రాములకు వచ్చాయి. 2020లో కరోనా కాలాన రక్షణశాఖ సంస్థ బి.ఇ.ఎల్. మైసూరు స్కాన్‌రే కంపెనీతో కలిసి 30,000 వెంటిలేటర్లు తయారు చేసింది. క్షిపణి ఆగిపోలేదు, ఫిరంగి ఆగిపోలేదు. కాని అటు తిరిగిన చేయి ఇటు తిరగగలదన్నది రుజువైంది.

* * *

సాహిత్య విద్యార్థులు ఇక్కడ రెండు నాటకాలు చదువుకోవాలి. బెర్నార్డ్ షా 'మేజర్ బార్బరా'లో (1905) ఆయుధాల వ్యాపారి అండర్‌షాఫ్ట్ వున్నాడు. ఆర్థర్ మిల్లర్ 'ఆల్ మై సన్స్'లో (1947) బీటలు పడ్డ విమాన భాగాలను సైన్యానికి పంపిన జో కెల్లర్ వున్నాడు. రెండూ గొప్ప నాటకాలే. రెండింటిలోనూ కేంద్రంలో వున్నది యజమాని. నేరం అతనికి తెలుసు కనుక నాటకం పుట్టింది. తెలియకుండా చేసేవాడి కథ ఇంతకంటే కష్టం. అక్కడ ఒప్పుకోలు సన్నివేశం వుండదు. ఒక నంబరు, ఒక కొలత, ఒక ఓ.టీ. చీటీ వుంటాయి. మన యుద్ధకథల్లో సైనికుడున్నాడు, సరిహద్దు వుంది, ఉత్తరం కోసం ఎదురుచూసే తల్లి వుంది. లేతు ముందు నిలబడ్డ మనిషి అరుదు.

ఉప్పల్, నాచారం షెడ్లు ఇప్పుడు ఒక్కొక్కటే ఫంక్షన్ హాళ్లుగా, గోదాములుగా, ఆఫీసు భవనాలుగా మారుతున్నాయి. మిగిలిన షెడ్లలో ఒడిశా, బీహారు నుంచి వచ్చినవాళ్లు పనిచేస్తున్నారు. వాళ్ల పిల్లలు నా తరగతిలో తెలుగు నేర్చుకుంటున్నారు. మీ నాయన ఏం పని చేస్తాడని అడిగితే "కంపెనీలో" అంటారు. ఏం చేసే కంపెనీ అని అడిగితే చెప్పలేరు.

ఆ యువకుడిని పోయిన నెల మళ్లీ కలిశాను. కథకు రెండు దారులున్నాయని చెప్పాను. తాత కథే రాయాలనుకుంటే తాత పనిచేసిన చోటు కనుక్కుని, అక్కడి గేజునూ ఇన్‌స్పెక్టరునూ తెలుసుకుని, 1943ను 1946 దాకా నడిపించు. నాచారమే రాయాలనుకుంటే తేదీ మార్చి ఇవాళ్టి షెడ్డు రాయి. అతను కాసేపు ఆలోచించి, "సార్, ఇవాళ్టిది రాస్తే, ఆ పార్టు దేనికి పోతదో కథలో చెప్పాల్నా, వద్దా?" అని అడిగాడు.

ఈసారి నేను తొందరపడి జవాబు చెప్పలేదు. రాసి తీసుకురమ్మన్నాను.